తడి పాదాల మాట

బడిలో చేరిన మొదటిరోజు తూదా మధ్యాహ్నం దాకా నిలబడే ఉంది. అప్పుడామెకు ఆరేళ్లు. పట్నం నుంచి వచ్చిన మాస్టారు అరబీలో కూర్చోమన్నాడు. వెనక పిల్లలు ముందువాళ్లను చూసి కూర్చున్నారు. తూదా మొదటి వరసలో ఉంది. చూసి నేర్చుకోవడానికి ఆమె ముందు నల్లబల్ల తప్ప ఎవరూ లేరు. మాస్టారు ఇంకోసారి అన్నాడు. మొండిపిల్ల అనుకుని బెత్తం తీశాడు. దెబ్బ తిన్నాక కూడా ఆమె కదల్లేదు, ఎటు కదలాలో తెలియక.

మధ్యాహ్నం అన్న బస్సూ ఆమెకు బార్లీ రొట్టె తెచ్చాడు. కిటికీ చువ్వల్లోంచి చెల్లెల్ని చూసి, మా భాషలో మెల్లగా, "కూర్చోవే," అన్నాడు. అప్పుడు కూర్చుంది. కూర్చున్నాకే ఏడ్చింది.

ఈ కథ ఆమె ప్రతి ఏడూ బడి తెరిచిన రోజున చెప్పేది. అప్పటికి ఆమె మాకు పాఠం చెప్పే తూదా ఉస్తాదా. జుట్టు సగం నెరిసింది, కళ్లద్దాలు దారంతో మెడకు వేలాడేవి. బడి ఏడాది మొదలైన రోజున మాకంటే ముందు తను కూర్చునేది కాదు. అరబీలో కూర్చోమనేది, తర్వాత మా భాషలో కూర్చోమనేది, ఆ తర్వాత చేత్తో సైగ చేసేది. ఆఖరి బెంచీలో ఆఖరి పిల్ల కూర్చునేదాకా ఆమె మోకాళ్లు నొప్పెడుతున్నా నిలబడేది.

నాకు పదేళ్లప్పుడు ఆ ఆఖరి పిల్లను నేను. నా పేరు జయ్‌దా. మాది తంసూల్త్ ఊళ్లో దిగువ పేట.

ఎగువ పేట వాళ్లకు ఖర్జూరపు తోటలున్నాయి. తోటలకు నీళ్లు ఖెత్తారా నుంచి వస్తాయి. కొండ కింది నుంచి నేల లోపల పాక్కుంటూ వచ్చే కాలువ అది. దానిమీద వరసగా బావులు, ఊపిరి పీల్చుకోవడానికి నేల తెరిచిన నోళ్లలా. ఆ బావుల్లోకి దిగి, లోపల పూడిన మట్టి ఎత్తేవాళ్లు మా పేటవాళ్లు. మా తాత ఫరాజీ నలభై ఏళ్లు ఆ పని చేశాడు. లోపల వంగి వంగి ఆయన నడుము అలాగే ఉండిపోయింది. ఆయన ఆకాశం చూడాలంటే వెల్లకిలా పడుకోవాలి.

కాలువ ఊళ్లోకి బయటపడేచోట రోజూ తెల్లవారుతూనే పిలుపు ఉంటుంది. బస్సూ అప్పటికి నీటి పెద్ద. నీళ్ల తొట్టిలో అడుగున చిన్న చిల్లున్న రాగి గిన్నె వదులుతాడు. గిన్నె నిండి మునిగితే ఒక మునక. ఎవరికెన్ని మునకల నీళ్లో తండ్రి పేరుతో కలిపి పిలుస్తాడు. పిలిచినవాడు "ఉన్నాను" అనాలి. అనకపోతే నీళ్లు తర్వాతి వాడికి పోతాయి. తోటలన్నీ తడిశాక మిగిలింది దిగువకు జారుతుంది. మా గింజల మడికీ, మా గొర్రెకూ, మా బిందెకూ అదే ఆధారం. పిలుపులో మా పేటవాళ్ల పేరు ఏనాడూ లేదు.

ఇంకొక ఆచారం ఉంది. నీళ్ల గురించి ఎవరు ఏం చెప్పినా చెప్పులు విడిచి, కాలువలో దిగి చెప్పాలి. పొడి కాళ్ల మాట చెల్లదు. పెళ్లి మాటల్లో పచ్చి అబద్ధాలాడేవాడు కూడా కాలువలో దిగితే నీళ్లు నమిలి నిజం కక్కుతాడు. అలా నిలబడ్డ మనిషిని, తనంతట తాను బయటికొచ్చేదాకా, ఎవరూ ముట్టుకోరు.

బడిలో నేను మాట్లాడేదాన్ని కాదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేదాన్ని, అంతే. ఎగువ పేట పిల్లల అరబీ, వాళ్ల అన్నలు పట్నం నుంచి తెచ్చిన అరబీ, గలగలలాడేది. నాకు అది ఇంటి దగ్గర ఎవరూ మాట్లాడని భాష. నోరు తెరిస్తే మట్టి రాలుతుందేమో అని భయం.

ఉస్తాదా ఒక పద్ధతి పెట్టింది. రోజూ పొద్దున ఒక్కొక్కరూ ఇంటినుంచి ఒక మాట తేవాలి. పుస్తకంలో లేని మాట అయుండాలి. దాన్ని ముందు ఇంటి భాషలో, తర్వాత అరబీలో కాగితం మీద రాసి గోడకు అంటించాలి. పిల్లలు వెన్న చిలికే తోలు సంచి పేరు తెచ్చారు, గాడిద జీను పట్టీ పేరు తెచ్చారు, అత్త కోపంగా ఉన్నప్పుడు కలిపే కుస్కుస్ రవ్వ వంట పేరు తెచ్చారు. పదకొండు రోజులు నేను ఏమీ తేలేదు. పదకొండు రోజులూ ఆమె నా పేరు రాసిన ఖాళీ కాగితం ఒకటి గోడకు అంటించింది.

"ఉస్తాదా, ఆ కాగితం దండగ," అన్నాడు హమ్మూ. హమ్మూ బస్సూ కొడుకు, అంటే ఆమెకు మేనల్లుడే.

"ఖాళీగా ఉన్న చోటు దండగెందుకవుతుందిరా? నీ తలకాయను నేను దండగన్నానా ఎప్పుడైనా?" అంది ఆమె.

పన్నెండో రోజు నేను లేచి ఒక మాట చెప్పాను. బావి లోపల గాలి చెడితే దీపం ఆరబోయే ముందు ఒక వాసన వస్తుంది. ఆ వాసనకు మా తాతకు ఒక పేరుంది. ఆ వాసన వస్తే తట్ట అక్కడే వదిలేసి తాడు లాగాలి.

 ఉస్తాదా కళ్లద్దాలు పెట్టుకుని, "మళ్లీ చెప్పమ్మా," అంది. చెప్పాను. "నేను ఈ ఊళ్లోనే పుట్టాను. ఈ మాట నాకు తెలియదు. ఈ పూట నువ్వే నాకు ఉస్తాదావి," అంది.

"అది మట్టోళ్ల మాట," అన్నాడు హమ్మూ.

"పొద్దున మొహం కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను."

"ఏ నీళ్లతో?"

"కాలువ నీళ్లతో."

"ఆ నీళ్లు కొండ దిగి నీ మొహం వెతుక్కుంటూ వాటంతటవే వచ్చాయా?"

 ఆ రోజు నుంచి నేను రోజుకొక బావి పేరు తెచ్చాను. మేక పడ్డ బావి. రెండు దీపాల బావి. పెళ్లికొడుకు బావి, పెళ్లిరోజు కూడా మట్టి ఎత్తుతూ ఉండిపోయినవాడిది. మౌనపు బావి, మా తాత తండ్రి బిలాల్ పైకి రానిది. గోడమీద కాగితాలు వరసకట్టాయి. ఉస్తాదా వాటి కింద నీలం సుద్దతో ఒక గీత గీసింది, కాలువలా. మా నేలకింది కాలువను వెలుతుర్లో చూడటం అదే మొదటిసారి. హమ్మూ కూడా ముక్కు గోడకు ఆనించి చూశాడు.

ఆ చలికాలంలోనే ఊళ్లోని సర్కారు ఆఫీసు గోడమీద ప్రకటన పడింది. పై మైదానంలో పుచ్చకాయలు పండించడానికి పట్నం నుంచి ఒక కంపెనీ వస్తోంది. మూడు లోతైన బోర్లు వేస్తుంది. అభ్యంతరాలు ఉన్నవాళ్లు ఇరవై రోజుల్లోగా ఆఫీసులోని పుస్తకంలో రాయాలి. ప్రకటన రెండు పేజీలు, సగం అరబీ, సగం ఫ్రెంచి. దాని ముందు గాడిదలు ఆగాయి కానీ మనుషులు ఆగలేదు.

ఉస్తాదా దాన్ని చేత్తో ఎత్తి రాసుకుని నల్లబల్ల నింపింది. నాలుగు రోజులు మాకదే పాఠం. ఒక్కొక్క వాక్యం విప్పి, ఇంటికెళ్లి పెద్దవాళ్లకు వాళ్ల భాషలో చెప్పి, వాళ్లు ఏమన్నారో మర్నాడు తెచ్చి చెప్పాలి.

"మా నాయనమ్మ పుచ్చకాయలంటే తనకూ ఇష్టమే అంది," అన్నాడు ఒకడు.

"ఆ కాయ తాగే నీళ్లు ఎక్కడివో అడిగావా?"

"అడగలేదు."

"మళ్లీ వెళ్లి అడుగు. నాయనమ్మలకు రెండో ప్రశ్న ఇష్టం."

నేను ఇంట్లో తాత ముందు కూర్చుని చదివాను. ఒక వాక్యం దగ్గర ఆయన టీ గ్లాసు దించి నవ్వాడు. 'సదరు మైదానంలో పాత బావులు, నీటి కట్టడాలు ఏవీ లేవు' అన్న వాక్యం అది.

"లేవా? దాని కడుపులో ఏడు బావులున్నాయే పిచ్చిదానా. నీళ్లు పుట్టే తల్లి బావి అక్కడే ఉంది. నేను మా అమ్మ కడుపులో ఉన్న ఏడాది వరదొచ్చి పైన నోళ్లకు ఇసుక కప్పేసింది. మేం కింద నుంచే వెళ్లేవాళ్లం. పైన తెరవాల్సిన పని ఎప్పుడూ పడలేదు."

మర్నాడు ఈ మాట చెప్పగానే ఉస్తాదా చేతిలో సుద్ద విరిగింది. నీళ్లు పుట్టే చోటే బోర్లు పడితే రెండేళ్లలో కాలువ ఆరిపోతుంది. ముందు దిగువ పేట ఆరుతుంది. పాత బావుల దగ్గర బోరు వేయకూడదని చట్టం ఉంది. కానీ ఆ బావులు ఎక్కడున్నాయో పైన ఎవరికీ తెలియదు. అడుగుల లెక్కతో చూపించగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే మిగిలాడు. ఆ మనిషి చెప్పాలి, పుస్తకంలో రాయించాలి. అప్పటికి తొమ్మిది రోజులు గడిచాయి.

సాయంత్రం ఆమె చక్కెర దిమ్మ ఒకటి చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎగువ పేట వాళ్లు మా గడప తొక్కడం అరుదు. మా అమ్మ కంగారులో తివాచీ తిరగేసి పరిచింది.

"చక్కెర దిమ్మ తెచ్చావంటే పిల్లను అడగడానికే అయుంటుంది," అన్నాడు తాత. "మా జయ్‌దాకు పదేళ్లే అమ్మా. ఆ హమ్మూ గాడికైతే పాతికేళ్లొచ్చినా ఇవ్వను."

"పిల్ల కోసం కాదు బాబాయ్. మీ మాట కోసం వచ్చాను."

ఎగువ పేటలో పసిపిల్లలు కూడా ఆయన్ను 'ఒరే ఫరాజీ' అనేవారు. బాబాయ్ అన్న మాట మా మట్టిగోడల మధ్య ఎటు వాలాలో తెలియని పిట్టలా ఒక క్షణం తిరిగింది. తాత దాన్ని పట్టించుకోనట్టే టీ పోశాడు.

ఆమె సంగతంతా చెప్పింది. ఆయన విని, గ్లాసు ఖాళీ చేసి, అన్నాడు:

"నలభై ఏళ్లు దాని కడుపులో పాకాను. మా నాన్న అందులోనే పోయాడు. పొద్దున పిలుపులో ఒక్కరోజు మా పేరు వినబడిందా? మిగిలింది తాగేవాడికి పేరెందుకులే అనుకున్నారు. ఇప్పుడు నీళ్లు పోతున్నాయంటే నా మాట కావాల్సొచ్చిందా?"

"పోతే ముందు పోయేది దిగువకే కదా బాబాయ్."

"తెలుసు. ఎండిపోవడం మాకు కొత్త కాదు, మీకు కొత్త. మీరూ నేర్చుకోండి. మీ బడిలో పాఠంగా పెట్టు."

ఉస్తాదా తల వంచుకుంది. "నాన్న పంచినప్పుడు నాకు ఒక మునక ఇచ్చాడు. అది మీకు ఇస్తాను," అంది.

"దానమా?"

"కాదు."

"పిలుపులో నీ పేరు ఎప్పుడైనా విన్నావా?"

 ఆ మునకను బస్సూ తన మూడింటికి కలిపి నాలుగుగా పిలిచేవాడు. ఆడవాళ్ల పేర్లు పిలుపులో ఉండవు.

"నీ పేరే పిలవని నీళ్లు నాకెట్లా ఇస్తావమ్మా?" అన్నాడు తాత, ఈసారి మెత్తగా. "టీ చల్లారుతోంది, తాగు."

ఆమె తాగింది. వెళుతూ నా తలమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి సుద్దతో తెల్లగా, చల్లగా ఉంది. మా తాతను ఒప్పించమని నాతో ఒక్క మాట కూడా అనలేదు. తర్వాతి రోజుల్లో కూడా అనలేదు. ఆయన కోపం న్యాయమైనదని ఆమెకు తెలుసు.

అన్నతో ఆమె ఎన్నిసార్లు మాట్లాడిందో నాకు తెలియదు. హమ్మూ చెప్పినదాన్ని బట్టి మూడుసార్లు. మూడుసార్లూ భోజనం మధ్యలోనే బస్సూ లేచిపోయాడట.

"ఒక పేరు ఎక్కిస్తే రేపు ఇరవై పేర్లొస్తాయి. గిన్నె ఒక్కటే."

"గిన్నె చేసినవాడు దాని మీద మన ఇంటిపేరు చెక్కలేదు అన్నా."

"బడిలో పిల్లలకు చెప్పుకో ఈ కబుర్లు."

పదహారో రోజు తెల్లవారుతోంది. అమ్మా నేనూ దిగువన బిందెలతో నిలబడ్డాం. పొగమంచు ఖర్జూరపు మట్టల మధ్య ఇంకా నిద్రలేవలేదు. పారలు భుజాన వేసుకున్న మగవాళ్లు, తొట్టిలో రాగి గిన్నె, గొంతు సవరించుకుంటున్న బస్సూ. అప్పుడు ఉస్తాదా వచ్చింది. చెప్పులు గట్టున విడిచి, అంగీ అంచు పైకెత్తి, నీళ్లను పంచే రాళ్ల మధ్య సరిగ్గా నిలబడింది.

"తూదా, పక్కకు రా. నీళ్లకు అడ్డొచ్చావ్," అన్నాడు బస్సూ.

ఆమె కదల్లేదు.

"పంతులమ్మకు ఎండదెబ్బ తగిలిందిరో!" అని ఎవడో అన్నాడు.

"ఎండే ఇంకా రాలేదు కదరా," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

గిన్నె మునిగింది. తీసి మళ్లీ వదిలారు. మళ్లీ మునిగింది. ఎవరి పేరూ పిలవలేదు. ఎవరి మడికీ నీళ్లు వెళ్లలేదు. నవ్వులు ఆగిపోయాయి. నీళ్లు ఆమె కాళ్లను చుట్టుకుని ఎటు పోవాలో అడుగుతున్నట్టు తిరిగాయి. చలికి ఆమె పాదాలు ఎర్రబడ్డాయి.

"వినబడటం లేదా? బయటికి రా అంటున్నాను."

"వినబడింది," అంది. "అర్థం కాలేదు అన్నా. నాకు వచ్చిన భాషలో చెప్పు."

బస్సూ చేతిలో గిన్నె ఆగిపోయింది. అక్కడున్న వాళ్లలో ఆ మాట ఏమిటో తెలిసినవాళ్లు ఇద్దరే, ఆయనా, ఆమే. బడిలో ఆ కథ విన్న పిల్లలకు కూడా తెలుసు అనుకోండి. నేను చూస్తూనే ఉన్నాను. అరవై ఏళ్ల ఆ మనిషి మొహంలోకి, రొట్టె పట్టుకుని కిటికీ చువ్వల్లోంచి చూసిన పిల్లవాడు నెమ్మదిగా నడిచి వచ్చాడు.

"ఏమనమంటావే?" అన్నాడు చివరికి. 

"నా పేరు. దాని తర్వాత ఆయన పేరు."

"తవ్వేవాడికి పేరేమిటి!" అన్నాడు గట్టుమీద ఒక ముసలాయన.

"వాడు తవ్వకపోతే నీకు నీళ్లేమిటి?" అన్నాడు పక్కనున్న ఇంకో ముసలాయన. నలభై ఏళ్లుగా వాళ్లిద్దరూ దేనిలోనూ ఏకీభవించలేదు. అందువల్ల కూడా మాకు మేలే జరిగింది.

బస్సూ గిన్నెను తొట్టిలో వదిలాడు. కొండకేసి చూస్తూ, రోజూ పిలిచే గొంతుతోనే పిలిచాడు.

"మోహా కూతురు తూదా, ఒక మునక!"

"ఉన్నాను," అంది ఉస్తాదా నీళ్లలోంచి.

"బిలాల్ కొడుకు ఫరాజీ, ఒక మునక!"

అందరూ దిగువకు చూశారు. తాత ఇంట్లో ఉన్నాడు. జవాబు రాకపోతే నీళ్లు తర్వాతి వాడికి పోతాయి.  అమ్మ బిందె దించి, మళ్లీ ఎత్తడం మరిచిపోయింది. గిన్నె సగం మునిగింది.

"ఉన్నాం!" అని అరిచాను.

అది నా గొంతేనని నాకే కొంచెంసేపటికి తెలిసింది.

"మోహా కొడుకు బస్సూ," అని ఆయన తన పేరు తనే పిలుచుకున్నాడు. "రెండు మునకలు." నిన్నటిదాకా తనవి మూడు, చెల్లెలిది కలుపుకుని నాలుగు. ఆ తగ్గిన ఒక్కటీ తాతకు వచ్చింది.  ఉస్తాదా కాలువలోంచి బయటికి వస్తుంటే ఆయన చెయ్యి అందించాడు.

నేను పరుగెత్తి తాతకు చెప్పాను.

"మళ్లీ చెప్పు," అన్నాడు. చెప్పాను. "మా నాన్న పేరు కూడా అన్నాడా?" "అన్నాడు తాతా. ముందు ఆ పేరే అన్నాడు." "మళ్లీ చెప్పు."

మూడోసారి విన్నాక ఆయన పెరట్లోకి వెళ్లి వెల్లకిలా పడుకున్నాడు. చాలాసేపు ఆకాశం చూశాడు.

పుస్తకం మూసే రోజున తాత ఆఫీసుకు వచ్చాడు. పొద్దున్నే క్షవరం చేయించుకున్నాడు. గుమాస్తా సీ ఇద్రీస్ పుస్తకం తెరిచి, కలం సిరాలో ముంచి, "చెప్పు," అన్నాడు.

తాత గచ్చు చూశాడు. "నీళ్ల మాట పొడి నేల మీద చెప్పను."

"ఇది ఆఫీసు. ఇక్కడ కాలువ ఎక్కడుంది?"

"పుస్తకం కాలువ దగ్గరికి తీసుకురా మరి."

"పుస్తకం ఈ గది దాటితే నా ఉద్యోగం కూడా దాటుతుంది!"

పుస్తకం కదలదు, మనిషి మాట్లాడడు. గోడ గడియారం ఒక్కటే మాట్లాడుతోంది. సాయంత్రానికి పుస్తకం మూసేస్తారు. ఉస్తాదా మావైపు తిరిగింది. తరగతి మొత్తం గుమ్మంలో నిలబడి ఉన్నాం. ఆమె ఏమీ చెప్పకముందే మేం పరుగెత్తాం. అమ్మ గుడ్డలుతికే పెద్ద బేసిన్ తెచ్చింది. మేం సీసాలతో, చెంబులతో, ఒకడు తన టోపీతో, కాలువ నుంచి నీళ్లు మోశాం. టోపీవాడు వచ్చేసరికి తడి తలే మిగిలింది.

"నా గచ్చు! నా గచ్చు!" అంటూ సీ ఇద్రీస్ కాగితాలు బీరువా మీదికి ఎక్కిస్తున్నాడు.

తాత వంగి, ఆయన ఎలాగూ వంగే ఉంటాడు, బేసిన్‌లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం ముడిచాడు.

"ఇందులో కుళాయి నీళ్లు ఎవరు కలిపారు?"

అందరూ హమ్మూ వైపు చూశారు. "కాలువ దూరం కదా," అని గొణిగాడు వాడు. "ఎలా కనిపెట్టాడు?"

"ఒరే, మీ అమ్మ గొంతు, పక్కింటావిడ గొంతు చీకట్లో నీకు తెలియవా?" అన్నాడు తాత.

బేసిన్ బయట పారబోసి మళ్లీ నింపాం. ఈసారి హమ్మూ అందరికంటే ముందు పరుగెత్తి, రెండు బకెట్లు తెచ్చాడు. తాత చెప్పులు విడిచి, బేసిన్‌లో రెండు పాదాలూ పెట్టి నిలబడ్డాడు. గోళ్లు లేని బొటనవేళ్ల మీదుగా నీళ్లు చిన్నగా ఊగి ఆగాయి. ఆయన మా భాషలో మొదలుపెట్టాడు.

"ఆగాగు. అరబీలో చెప్పమనండి," అన్నాడు గుమాస్తా. "నేను ఆ భాష రాయలేను."

"ఆయన చెప్పినట్టే చెప్పనివ్వండి సీ ఇద్రీస్," అంది ఉస్తాదా. "రాసేవాళ్లు ఉన్నారు."

ఆమె రాస్తుందనుకున్నాను. ఆమె కలం తీసుకుని నా చేతికిచ్చింది. "తప్పులొస్తే?" అన్నాను. "తప్పులు నేను తర్వాత దిద్దుతాను. మాట మాత్రం ఇప్పుడు రాకపోతే మళ్లీ రాదు," అంది.

తాత చెప్పాడు, నేను రాశాను. మేక పడ్డ బావి నుంచి సూర్యుడు పొడిచే వైపు నూట ఇరవై అడుగులు. అక్కడ నల్లరాయి. రాయి నుంచి కొండ భుజం కనబడేదాకా కుడికి. మౌనపు బావి దగ్గర ఆయన కొంచెం ఆగాడు, నేనూ ఆగాను. తర్వాత తల్లి బావి. కొన్ని మాటలకు అరబీ దొరకలేదు. వాటిని ఇంటి మాటగానే రాసి, పక్కన అదేమిటో చెప్పాను, గోడమీద చేసినట్టే. అంతా అయ్యాక లేచి గట్టిగా చదివాను. ముందు అరబీలో గుమాస్తాకు, తర్వాత మా భాషలో తాతకు. తాత తన నోటి మాట తిరిగి తన చెవిలో పడుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. "ఒక్క అడుగు కూడా తప్పు పోలేదు," అన్నాడు.

గడిలో ఆయన వేలిముద్ర తడిగా పడింది. సీ ఇద్రీస్ దాన్ని ఊదుతూ, "సరే, ఈ గచ్చు ఎవరు తుడుస్తారు?" అన్నాడు. హమ్మూ తుడిచాడు.

వసంతంలో పట్నం నుంచి అధికారులు వచ్చారు. తాతను గాడిద మీద ఎక్కించి మైదానానికి తీసుకెళ్లాం. ఆయన చూపిన చోట మనిషి లోతు ఇసుక తీస్తే బావి నోరు కనబడింది. లోపలి నుంచి చల్లటి గాలి వచ్చి అందరి మొహాలకూ తగిలింది. తాత వంగి ఆ గాలిని పలకరించాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు. ఏడు నోళ్లూ తెరిచారు. మా మైదానంలో బోర్లు పడలేదు. కంపెనీ కొండ అవతలి లోయకు వెళ్లిందని విన్నాం. ఆ సంగతి తెలిసిన రోజున ఉస్తాదా సంబరపడలేదు. అవతలి లోయ బడిలో ఎవరు పాఠం చెబుతున్నారో కనుక్కుని, మా నల్లబల్ల పాఠం, మా గోడ కాగితాలు నకలు తీయించి బస్సులో పంపింది. అక్కడ అంతా మంచే జరిగిందని చెప్పలేను. మూడు బోర్లకు ఒకటే పడిందని మాత్రం తెలుసు.

తాత పోయి ఆరేళ్లయింది. నేను పట్నంలో తపాలా ఆఫీసులో పనిచేస్తున్నాను. రాయడం రానివాళ్ల ఉత్తరాలు ఎక్కువగా నా కిటికీ దగ్గరికే వస్తాయి. శుక్రవారాలు ఊరికి వెళతాను. వానలు తగ్గాయి, కాలువ సన్నబడింది, కానీ పారుతోంది. పిలుపులో ఇప్పుడు దిగువ పేట పేర్లు ఐదు ఉన్నాయి. బస్సూకు గొంతు పోయింది. ఆయన గట్టుమీద కూర్చుని చూస్తాడు, హమ్మూ పిలుస్తాడు.

ఉస్తాదా ఇప్పుడు చేతికర్రతో నడుస్తుంది. ఒక చెవి వినబడదు. తోట మేనల్లుడికే వదిలేసింది, ఆమె రావాల్సిన పనేమీ లేదు. అయినా తెల్లవారుతూనే వస్తుంది. చెప్పులు విడిచి కాలువ అంచున నీళ్లలో నిలబడుతుంది, వినబడే చెవి హమ్మూ వైపు తిప్పి.

పోయిన శుక్రవారం వాడు పిలిచాడు. ఆమెకు వినబడలేదు. గిన్నె నిండుతోంది. ఎవరో ఆమె భుజం తట్టబోయారు. హమ్మూ వద్దని చెయ్యెత్తి, గట్టు దిగి, నీళ్లలో నాలుగడుగులు నడిచి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మోహా కూతురు తూదా," అన్నాడు, ఆమె చెవికి దగ్గరగా, మెల్లగా. "ఒక మునక, అత్తా."

ఆమె వెన్ను నిటారుగా చేసుకుంది. బడిలో మొదటి వరస పిల్లలా చెయ్యెత్తింది.

"ఉన్నాను," అంది.